గీకినవాడిదే రంగు

మా మేనల్లుడిది టాటా ఏస్. పదేళ్ల కిందటి బండిని సెకండ్ హ్యాండులో కొన్నాడు. భీమవరం చుట్టుపక్కల చెరువుల దగ్గర్నుంచి రొయ్యలూ ఐసూ మోస్తాడు. ఆ పని చేసే బండి గతి ఎలా ఉంటుందో ఆ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఐసు కరిగి రాత్రంతా ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి. అవి ఫ్లోరు రేకు కిందా, తలుపుల అడుగునా, చక్రాల మీది మడతల్లోనూ చేరి నిలుస్తాయి. ముందు నుంచి చూస్తే బండి, వెనక నుంచి చూస్తే జల్లెడ.

పోయిన మాఘమాసంలో వాడు దిగులుగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి కదా, ఆ గడువు ఇంకో రెండు నెలల్లో ఉంది.

"మావయ్యా, షెడ్డులో 18 వేలు అడుగుతున్నారు. డబ్బు సంగతలా ఉంచు, పది రోజులు బండి వాళ్ల దగ్గరే ఉండాలంట. ఈలోగా కిస్తీ ఎవడు కడతాడు?"

నన్ను పట్టుకున్నది ఆ రెండో మాట. సొంత కారు ఉన్నవాడికి రంగు ఖర్చంటే షెడ్డువాడి బిల్లొక్కటే. బాడుగ బండికి అలా కాదు. అది నిలబడిన ప్రతి రోజూ బాడుగ పోతుంది, పాత గిరాకీ వేరే బండి చూసుకుంటుంది. ఇంట్లో వేసుకుంటే చవక అనేవాళ్లు ఈ లెక్క వదిలేస్తారు. ఎనామిల్ చవకే, కానీ నెమ్మది రంగు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుంటూ గట్టిపడుతుంది. చేతికి అంటకుండా ఉండడానికి కొన్ని గంటలు చాలు, లోపలిదాకా గట్టిపడడానికి రోజులు కావాలి. పెరట్లో పది రోజులు నిలబెట్టి వేసుకుంటే ఇక మిగిలేదేముంది?

అందుకని ముక్కలు ముక్కలుగా వేద్దామన్నాను. ఒక ఆదివారం ఒక తలుపు, ఇంకో ఆదివారం ఇంకో పక్క. మధ్యలో బండి మామూలుగా తిరుగుతుంది. తిరిగింది కూడా, రెండు నెలలపాటు మచ్చల కుక్కలా. చెరువు గట్ల మీద వాణ్ణి చూసి నవ్వని వాళ్లు లేరు. బాడుగ మాత్రం ఆగలేదు.

మొదటి ఆదివారం రంగు డబ్బా మూతే తీయలేదు. ముందు కడగాలి. రేకు మీద ఉప్పు మిగిలిపోతే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా లాభం లేదు. ఆ ఉప్పు తేమను లాక్కుని రంగుని కింద నుంచి పొక్కులుగా లేపుతుంది. మా వైపు బోరు నీళ్లే ఉప్పన, వాటితో కడిగితే కడిగినట్టే కాదు. కుళాయి నీళ్లు బిందెలతో మోసి రెండుసార్లు కడిగాం. సబ్బుతో జిడ్డు వదిలించి, ఆరాక టర్పెంటు గుడ్డతో తుడిచాం.

తర్వాత గీకుడు. లప్పం పట్టీ, వైరు బ్రష్షు, 80 నంబరు ఉప్పుకాగితం. తుప్పు పొరలు పొరలుగా ఊడి వస్తుంటే మొదట్లో సరదాగానే ఉంటుంది, గంటయ్యాక భుజం తెలుస్తుంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడాలి. ఖంగుమంటే రేకు ఉంది. డబడబమంటే లేదు. లేనిచోట వెల్డింగు చేయించాలే తప్ప పుట్టీతో పూడ్చకూడదు. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, చిల్లు లోలోపల పెద్దదవుతూ పైకి నున్నగా కనిపిస్తుంది. అలాంటి నున్నని చిల్లులు ఆ బండికి మూడున్నాయి. అమ్మినవాడి చేతి చలవ.

గీకిన రేకుకి సాయంత్రం మంచు దిగేలోపే రెడ్ ఆక్సైడ్ పడిపోవాలి. మా తేమ గాలికి ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి నూగు పట్టేస్తుంది. ఆ ప్రైమరులో ఎరుపేమిటో తెలుసా? ఇనుప ఆక్సైడు, అంటే తుప్పుకి స్వయానా చుట్టం. ముల్లుని ముల్లుతో తీయడమంటే ఇదేనేమో.

ఇంతకీ బ్రష్షా, స్ప్రేనా? బ్రష్షంటే నామోషీగా చూసేవాళ్లకు ఒక సంగతి. 1920ల దాకా లోకంలో కార్లకు రంగులు బ్రష్షుతో పూసో, పైనుంచి పోసో, తొట్టెలో ముంచో వేసేవాళ్లు. త్వరగా ఆరే రంగు లేక ఒక్కో బండికి వారాలు పట్టేది. ఆ దశాబ్దంలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లాకరు తెచ్చాక స్ప్రే గన్నుల రాజ్యం మొదలైంది. మన వడ్రంగులు బీరువాకి గన్నుతో కొట్టే నున్నటి రంగుని ఇప్పటికీ డ్యూకో అంటున్నది ఆ పేరే.

మేం నాలుగంగుళాల స్పాంజి రోలరుతో, మూలల్లో బ్రష్షుతో వేశాం. రంగుని పాత చీర ముక్కతో వడగట్టాం. పెరట్లో దుమ్ము లేవకుండా కళ్లాపి చల్లాం. ఎండ ఎక్కాక మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడింటికి ముగించాం. మంచు తగిలితే ఎనామిల్ మెరుపు పోయి మసకబారుతుంది, మే నెల ఎండలో వేస్తే పైపొర ముందే బిగిసి బుడగలు లేస్తాయి. మాఘ ఫాల్గుణాలే మంచి రోజులు. పలుచగా రెండు కోట్లు, వారానికొకటి, మధ్యలో 400 నంబరు వాటర్ పేపరుతో తేలిగ్గా రుద్దడం. కిరసనాయిలు కలపొద్దు, రంగు జిడ్డుగా ఉండిపోతుంది. పెట్రోలు అసలే కలపొద్దు, మెరుపు సంగతి తర్వాత, ముందు పెరడు అంటుకుంటుంది.

ఒకచోట దెబ్బతిన్నాం. వాడి స్నేహితుడెవరో మిగిలిపోయిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు తెచ్చి, వెనక తలుపుకి మూడో కోటుగా ఇది కొడితే అద్దంలా ఉంటుందన్నాడు. కొట్టాడు. పది నిమిషాల్లో తలుపంతా కాల్చిన అప్పడంలా ముడతలు పడింది. ఎన్‌సీ థిన్నరు ఘాటుకి కింద ఉన్న ఎనామిల్ ఉబ్బి లేచిపోతుంది. ఎన్‌సీ మీద ఎనామిల్ వేయొచ్చు, ఎనామిల్ మీద ఎన్‌సీ వేయకూడదు. ఒక ఆదివారం ఆ తలుపుకే పోయింది.

పీయూ (పాలీయూరిథేన్) రంగు జోలికి ఇంట్లో మాత్రం వెళ్లకండి. అందులో కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లుంటాయి. వాటిని పీలిస్తే జీవితాంతం వదలని ఉబ్బసం రావచ్చు. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు వాటిని ఆపదు. పాత పసుపు రంగు గీకేటప్పుడూ జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధన వచ్చింది గానీ పాత బండ్ల పసుపులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకకుండా తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా పంపండి.

ఇక చట్టం సంగతి. ఆర్సీలో రంగు రాసి ఉంటుంది, కాబట్టి ఉన్న రంగే వేసుకోవడం సుఖం. ఆలివ్ గ్రీన్ అసలు పనికిరాదు, అది రక్షణ శాఖ బండ్లకే అని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వది చెబుతుంది. నంబరు ప్లేటుకీ రిఫ్లెక్టరు టేపులకీ కాగితం అంటించండి. చాసిస్ నంబరు మీద రంగు దట్టంగా పడితే బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గర పెన్సిలుతో రుద్దినా అచ్చు రాదు. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. రంగుతో అవి మూసుకుపోతే తుప్పు తలుపుని లోపలి నుంచి తినేస్తుంది. చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

నాకు ఒళ్లు మండేది ఎఫ్‌సీ రంగు చూస్తే. తనిఖీకి ముందు రోజు తుప్పు మీదే నల్ల రంగు దట్టించి, బండిని కొత్త పెళ్లికొడుకులా తీసుకెళ్లి కాగితం తెచ్చుకుంటారు. కాగితం వస్తుంది, రేకు పోతుంది. రొయ్యల ట్రేలు మోసే బండికి రంగనేది అందానికి కాదు, రేకు నిలవడానికి. కింద తుప్పు ఉంచి పైన వేసిన రంగు ఎవరిని మోసం చేసినట్టు?

మా ఖర్చు చెబుతాను. మూడు లీటర్ల ఎనామిల్, లీటరు రెడ్ ఆక్సైడ్, టర్పెంటు, కాగితాలు, బ్రష్షులు, రోలర్లు, వెల్డింగు, అన్నీ కలిపి 3,500 లోపే. కానీ ఇద్దరం ఏడు ఆదివారాలు ఒళ్లు వంచాం. ఆ కూలి కడితే షెడ్డువాడు అడిగిన 18 వేలు అన్యాయమేం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ పని, రంగు పని చేసేవాళ్లను చూశాక వాళ్లతో పోటీ పడాలన్న ఆలోచన నాకెప్పుడూ లేదు. మా బండిని దగ్గరకొచ్చి చూస్తే రోలరు చారలు కనిపిస్తాయి. రొయ్యలకు అభ్యంతరం లేదు.

ఎఫ్‌సీ అయింది. వెనక తలుపు మీద అమ్మ పేరు రాయించాలని వాడు పట్టుబట్టాడు. చేత్తో రాసే ఆర్టిస్టు మా ఊళ్లో ఎవరూ మిగల్లేదు, స్టిక్కరు అంటించాం.

శ్రావణంలో వానలు పడ్డాక బండి చుట్టూ తిరిగి చూశాం. అంతా బాగానే ఉంది. కుడి తలుపు అడుగున మాత్రం రూపాయి బిళ్లంత పొక్కు లేచింది. ఆ చోటు గీకింది నేనే.

– అరుగు మీది మనిషి