డైట్ మీల్ పక్కన ఆవకాయా?

బరువు తగ్గాలని ఫ్రోజెన్ డైట్ మీల్ కొంటారు. ఒక ముద్ద తినగానే చప్పగా ఉందని ఆవకాయ సీసా తీస్తారు. ఓయూ క్యాంపస్ విద్యార్థుల గదుల్లోనూ, తార్నాకలో ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇళ్లలోనూ ఇదే వరస.

అదే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటున్నాయి. అంటే సుమారు 2,000 మిల్లీగ్రాముల సోడియం. లేబుల్ మీద లెక్క సాధారణంగా 100 గ్రాములకు ఉంటుంది. అక్కడ 300 మిల్లీగ్రాములుంటే, 300 గ్రాముల ప్యాకెట్‌తో రెండు గ్రాములకు పైగా ఉప్పు తిన్నట్టే. ఆపైన ఆవకాయ! ఉప్పు, చక్కెర, శాచురేటెడ్ కొవ్వుల వివరాలను పెద్ద అక్షరాల్లో ముద్రించాలన్న ప్రతిపాదనకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 జులైలో ఆమోదం తెలిపింది. ప్యాకెట్ మీద అవి కనిపించేదాకా కళ్లజోడు పెట్టుకుని చదవాల్సిందే.

మరి రుచి? పులుపు తగిలితే ఉన్న ఉప్పే నాలుకకు ఎక్కువగా తెలుస్తుంది. దించాక సగం నిమ్మచెక్క పిండండి. చెంచా నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు పెడితే వాసన కూడా వస్తుంది. నీళ్లోడుతుంటే బాండీలో మూత లేకుండా రెండు నిమిషాలు ఉంచండి. ఈ మీల్స్ పరిమాణం చిన్నది, గంటకే బిస్కెట్ల డబ్బా వెతుక్కునేది అందుకే. ఉడికించిన బీన్స్, క్యారెట్, గుప్పెడు పాలకూర కలపండి. సోయా సాస్, నూడుల్స్ మసాలా పొట్లం వద్దు, వాటిలోనూ ఉప్పే.

‘లో సోడియం’ ఉప్పు వాడొచ్చా అని ఓపీలో అడుగుతుంటారు. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారు, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు వేసుకునేవారు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి వెళ్లొద్దు.