మెస్ గంట కోసం ఇన్సులిన్ ఆగదు



నాకు టైప్ 1 షుగర్. ఇది తీపి తింటే వచ్చేది కాదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను మన ఒంట్లోని రోగనిరోధక శక్తే చంపేస్తుంది. అందుకే రోజూ సూది తప్పదు. పసరు మందు నమ్మి ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు.

హాస్టల్‌లో అందరూ "అన్నం తగ్గించు" అంటారు. అసలు తిప్పలు అన్నంతో కాదు, టైంతో. సూది వేసుకున్నాక మెస్‌లో భోజనం లేటైతే షుగర్ పడిపోతుంది. సాయంత్రం కబడ్డీ ఆడితే రాత్రి పడొచ్చు. జ్వరమొస్తే పెరుగుతుంది. అదే తిండి, అదే డోసు, అయినా రోజుకో లెక్క.

మాలాంటోళ్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే తాగాడనో, గాలి సోకిందనో అనుకోకండి. మీటర్‌లో 70 కంటే తక్కువ చూపినా, అసలు మీటరే లేకపోయినా మూడు నాలుగు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మనం అడిగేది జాలి కాదు. ప్రతి ట్రైబల్ హాస్టల్‌లో గ్లూకోమీటర్, స్ట్రిప్స్, ఇన్సులిన్‌కు ఫ్రిజ్‌లో కాస్త చోటు, షుగర్ ఉన్నోళ్లకు టైంకి ప్లేటు. స్కాలర్‌షిప్ కోసం అందరం కలిసి పోయి అడుగుతాం కదా, దీనికీ పోదాం.