శిలువ నీడన కులం

క్రైస్తవం అనగానే మనలో కొందరు “సామ్రాజ్యవాదపు ముందుదళం” అని తీర్పు చెప్పి ఊరుకుంటారు. హిందూత్వ వీరులు “గుప్పెడు బియ్యానికి మతం అమ్ముకున్నారు” అని ఎత్తిపొడుస్తారు. మిషను బడిలో అక్షరాలు దిద్దుకున్న కుటుంబం నాది. ఈ రెండు మాటలూ నాకు మింగుడుపడవు. అట్లని చర్చిని వెనకేసుకు రానూలేను.

చరిత్ర చూద్దాం. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపాడు. ఆ పని నడిచినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటికోసమే అయితే, కూలిపని ముగిశాక ఎందుకు వచ్చినట్లు? తమను మనుషులుగా పిలిచిన గొంతు వెంట వెళ్లారు.

నా ఆరోపణ వేరు. వారితోపాటు కులమూ చర్చిలోకి వచ్చింది. చర్చి దానికి తలుపు వేయలేదు. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ తెరచిన బడి చూపంతా పైకులాల పిల్లల మీదనే. గుంటూరు సీమలో లూథరన్ సంఘం ఎక్కువగా మాలలది, ఒంగోలు బాప్టిస్టు సంఘం ఎక్కువగా మాదిగలది. ప్రభువు ఒక్కడే, పల్లెలు మాత్రం రెండు!

మా రెడ్డిగూడెం మామిడితోటల్లో వారమంతా కాయలు కోసి, గంపలు మోసి, కూలి దగ్గర నోరెత్తని మనిషి ఆదివారం ఓర్పును గురించిన ప్రసంగం వింటాడు. తోట ఎవరిదని ఆ ప్రసంగం అడగదు.

ఇక ప్రభుత్వం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో వారికి మిగిలింది బి.సి.–సి కింద ఒక్క శాతం. అందుకే ఎందరో కాగితం మీద హిందువులు, ప్రార్థనలో క్రైస్తవులు. 1985లో కారంచేడులో మాదిగలపై పడిన భూస్వాములు బాప్తిస్మం చూసి ఎవరినీ వదలలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. కొట్టేవాడికి కనిపించే కులం చట్టానికి కనిపించదు!

చర్చి పెద్దలు ఢిల్లీకి పంపే విజ్ఞప్తులు న్యాయమైనవే. వాటిని మనం బలపరచాలి. కాని తమ సంఘాలలోని మాల మాదిగ గీతను చెరపడానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు గదా?

మిత్రులారా, వెలివాడకు అక్షరం తెచ్చినవారిని ఎగతాళి చేసే హక్కు, ఆ వాడకు ఆలస్యంగా చేరిన మనకు లేదు. భూమినీ కూలినీ గౌరవాన్నీ పరలోకానికి వాయిదా వేసే బోధను నిలదీసే బాధ్యత మాత్రం ఉంది. ఆ పని దళిత క్రైస్తవుడి పక్కన నిలబడి చేయాలి. అతని మీద నిలబడి కాదు.