టూత్‌పేస్టు కాదు, కుళాయి నీళ్ళు!

కిందటి నెలలో ఓ జాతర పాట షూటింగు చూద్దామని వెళ్ళాను. ఏ సినిమా, ఎవరి కంపెనీ అని అడక్కండి. చెబితే ఇంకోసారి నన్ను గేటు దగ్గరే ఆపేస్తారు! హీరోగారి కొత్త హెయిర్ స్టయిలు, హీరోయిన్‌గారి అలక, ఇద్దరి మధ్యా ఏమన్నా నడుస్తోందా లేదా... ఇలాంటివి రాద్దామనే పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళినమాట నిజం. తిరిగొచ్చింది మాత్రం వేరే సబ్జెక్టుతో.

రాత్రి పదకొండు దాటింది. ముప్ఫైమంది అమ్మాయిలు కాగడాలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. మూడో టేకో, నాలుగో టేకో. వెనక వరసలో ఒకమ్మాయి పరికిణీ అంచుకి పక్కమ్మాయి కాగడా తగిలింది. నైలాన్ గుడ్డ. "అయ్యో, అంటుకుంది!" అని ఎవరో అరిచేలోగా మోకాలిదాకా ఎగబాకింది. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారో ఆ అమ్మాయీ అదే చేసింది. పరుగెత్తింది. పరుగెత్తితే గాలి తగిలి మంట ఇంకా రేగుతుంది కదా. అదృష్టం బాగుండి పక్కనే ఫైటరొకాయన ఉన్నాడు, నిప్పు షాట్లు చేసి చేసి అలవాటుపడ్డ మనిషి. ఒక్క అంగలో వచ్చి అమ్మాయిని నేలమీద పడుకోబెట్టి, భుజంమీది రగ్గు కప్పి, అటూ ఇటూ దొర్లించాడు. మంట ఆరింది.

అసలు గందరగోళం అప్పుడు మొదలైంది! మేకప్ రూములోంచి ఒకాయన టూత్‌పేస్టు పట్టుకొచ్చాడు. "ఇంకు పొయ్యండి, బొబ్బలెక్కవు" అన్నాడు ఇంకొకాయన. (ఈ రోజుల్లో ఇంకు ఎక్కణ్ణించి తెస్తాం బాబూ!) ఓ పెద్దావిడ వెన్న అంది. ప్రొడక్షన్ కుర్రాడు కూల్‌డ్రింకుల పెట్టెలోంచి దోసెడు ఐసుముక్కలు తెచ్చాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? డిగ్రీ చదివినవాణ్ణి కదా, "ఆయింట్‌మెంటేదన్నా ఉందా?" అని అడిగాను.

"ఎవరూ ఏమీ రాయొద్దు సార్! నీళ్ళు, నీళ్ళు!" అని అరిచాడు ఫైటర్. వాటర్ టాంకరు గొట్టం లాక్కొచ్చి ఆ అమ్మాయి కాలిమీదా చేతిమీదా సన్నగా నీళ్ళు వదిలాడు. "టైము చూడండి సార్, ఇరవై నిమిషాలు" అన్నాడు నాతో. నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని, వాచీ చూస్తూ నిలబడటం.

ఆ తర్వాత హాస్పిటల్లో కాజువాలిటీ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఎంత కాలింది?" అని కాదు. "ఎన్నింటికి కాలింది?" అని! వాచీ చూశాను కాబట్టి "పదకొండూ పది" అని టక్కున చెప్పేశాను. ఆ ప్రశ్న ఎందుకో తర్వాత చెప్తాను.

రెండోది, ఆ అమ్మాయిచేత మాట్లాడించింది. "నీ పేరేంటమ్మా? ఏ ఊరు?" ఇదేదో కుశలప్రశ్న అనుకున్నాను. కాదట. గొంతు బొంగురుపోయిందా, ముక్కులో మసి ఉందా, ముక్కు వెంట్రుకలు కమిలాయా అని చూడటానికట. మూసిన గదిలో పొగ పీలిస్తే గొంతు లోపల వాస్తుంది. వచ్చినప్పుడు చక్కగా మాట్లాడే మనిషికి కాసేపట్లో ఊపిరందదు. అలాంటి అనుమానముంటే వాపు పెరక్కముందే గొంతులో గొట్టం వేసేస్తారట. అంటే కాలిన మనిషి విషయంలో ముందు చూసేది చర్మం కాదు, ఊపిరి. నాకిది కొత్త సంగతి. మీకూ కొత్తదేనా?

ఆ తర్వాత లెక్క. పేషెంటు అరచెయ్యి, వేళ్ళతో సహా, ఆ మనిషి ఒంట్లో సుమారు నూటికి ఒక వంతట. పెద్ద గాయాలకైతే తొమ్మిదో ఎక్కం: తల 9, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, ముందువైపు మొండెం 18, వెనకవైపు 18. మిగిలిన ఒకటీ మర్మస్థానం. కూడితే నూరు. పసిపిల్లలకి తల పెద్దది, కాళ్ళు చిన్నవి కాబట్టి వాళ్ళకి పట్టిక వేరే ఉంది. మన అమ్మాయికి పిక్క, చెయ్యి కలిపి నాలుగో అయిదో వంతులు. బొబ్బలున్నాయి, మంట భరించలేకపోతోంది. "నొప్పి ఉండటమే నయమండీ" అంది డాక్టరమ్మ. చర్మం లోతుగా కాలిపోతే నరాలే పోతాయి కాబట్టి అక్కడ నొప్పి తెలీదట. తెల్లగానో, గోధుమరంగుగానో, తోలులాగా బిగుసుకుపోతుంది. నొప్పి లేదంటే చిన్న గాయమనుకునే మనబోటివాళ్ళం ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు టైము సంగతి. పెద్దవాళ్ళకి నూటికి 15 వంతులు, పిల్లలకి 10 వంతులు దాటి కాలితే రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారిపోతుంది. మనిషి షాకులోకి వెళ్ళిపోతాడు. అందుకని సెలైను ఎక్కిస్తారు. ఎంత? అమెరికాలో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ హాస్పిటల్ పేరుమీద ఓ సూత్రముంది: మనిషి బరువు కిలోల్లో, కాలిన వంతులు, వాటిని హెచ్చవేసి, మళ్ళీ నాలుగుతో హెచ్చవేయాలి. 60 కిలోల మనిషికి 30 వంతులు కాలితే 7,200 మిల్లీలీటర్లు. అంటే మొదటి ఇరవైనాలుగు గంటల్లో ఏడు లీటర్ల పైన! అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే పోవాలి. ఆ ఎనిమిది గంటలు హాస్పిటల్‌కి వచ్చినప్పట్నుంచి కాదు, కాలినప్పట్నుంచి. దార్లో మూడు గంటలు పోగొట్టుకుంటే మిగిలేవి అయిదే. ఇప్పుడు చాలామంది డాక్టర్లు నాలుగుకి బదులు రెండుతో మొదలుపెట్టి, గంటగంటకీ మూత్రం ఎంత వస్తోందో కొలిచి సవరించుకుంటారట. ఎక్కువ ఎక్కించినా ప్రమాదమే మరి.

సినిమా పత్రికలో ఈ లెక్కలేంటి గురూ అంటారేమో. మన సినిమాకీ నిప్పుకీ ఉన్న చుట్టరికం తక్కువదా? "మదర్ ఇండియా" సంగతి మీలో చాలామందికి తెలుసు. 1957లో గడ్డివాముల మంటల సీను తీస్తుండగా నర్గీస్ మధ్యలో చిక్కుకుపోయింది. సినిమాలో ఆమె కొడుకు వేషం వేసిన సునీల్ దత్ మంటల్లోకి దూకి బయటికి తెచ్చాడు. ఆయనకి కాలిన గాయాలయితే ఆవిడే దగ్గరుండి సేవ చేసింది. 1958 మార్చిలో పెళ్ళి! ఈ కథ ఎన్నిసార్లు విన్నా బాగానే ఉంటుంది. కానీ అందరి కథలూ పెళ్ళితో ముగియవు.

1984 జనవరి 27న లాస్ ఏంజెలెస్‌లో ఓ కూల్‌డ్రింకు ప్రకటన తీస్తున్నారు. మెట్లమీద డాన్సు చేస్తూ దిగుతున్న మైకేల్ జాక్సన్ వెనక బాణాసంచా ముందే పేలి, జుట్టుకి అంటుకుంది. తల మాడుతోందని తెలీక ఆ మహానుభావుడు కొన్ని క్షణాలు డాన్సు చేస్తూనే ఉన్నాడు! ముందుగా ఉరికివచ్చి ఆర్పినవాళ్ళలో మార్లన్ బ్రాండో కొడుకు మికో ఒకడు. పరిహారంగా వచ్చిన 15 లక్షల డాలర్లనీ జాక్సన్ కాలిన గాయాల చికిత్సాకేంద్రానికే ఇచ్చేశాడు.

మన పక్కనే మైసూరులో, 1989 ఫిబ్రవరి 8న ప్రీమియర్ స్టూడియోలో "టిప్పు సుల్తాన్" టీవీ సీరియల్ షూటింగులో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అరవైమందికి పైగా పోయారు. ఒంట్లో సగానికి పైగా కాలిన సంజయ్ ఖాన్ నెలల తరబడి హాస్పిటల్లో ఉండి, డజన్లకొద్దీ ఆపరేషన్లు చేయించుకుని బతికి బయటపడి, సీరియల్ పూర్తిచేశాడు. ఆయన పేరు మనకి గుర్తుంది. పోయిన లైట్‌బాయ్‌ల పేర్లు, సెట్టు పనివాళ్ళ పేర్లు ఎవరికన్నా గుర్తున్నాయా?

ఇంకా వెనక్కి వెళితే, 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడింది. 492 మంది చనిపోయారు. గుర్రాలమీద తిరిగే కౌబాయ్ హీరో బక్ జోన్స్ రెండ్రోజుల తర్వాత హాస్పిటల్లో కన్నుమూశాడు. గుండ్రంగా తిరిగే తలుపు జనం తోపులాటకి బిగుసుకుపోయిందట. చర్మం పెద్దగా కాలకపోయినా ఊపిరితిత్తులు దెబ్బతిని చాలామంది పోయారు. పొగ ఎంత ప్రమాదకరమో, ద్రవాలు ఎక్కించడం ఎంత ముఖ్యమో డాక్టర్లకి గట్టిగా తెలిసొచ్చింది ఆ రాత్రే. అంతకుముందు కాలినచోట టానిక్ ఆసిడ్ పూసి తోలులా గట్టిపరిచేవారు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఆ పూత మానేసి, మెత్తటి వాజలీన్ గుడ్డ కప్పి వదిలేశారు. మన టూత్‌పేస్టులూ వెన్నలూ ఆ పాత పూతలకి చుట్టాలే.

ఇక అభిమాన సోదరుల సంగతికొద్దాం. కోపం తెచ్చుకోకండి. 2022 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో "బిల్లా" మళ్ళీ వేసినప్పుడు హాల్లో టపాకాయలు కాలిస్తే సీట్లంటుకున్నాయి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ హాల్లో "బోర్డర్" చూస్తూ పోయిన 59 మందిలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. కటౌటుకి పాలు పొయ్యండి, కాగితాలు చింపి ఎగరెయ్యండి, గొంతు చించుకోండి, నేనూ మీతోనే ఉంటాను. హాల్లోపల నిప్పు మాత్రం వద్దు. కర్పూరం పళ్ళెమైనా సరే.

డాక్టరమ్మ చెప్పిన మిగతా మాటలు కూడా రాసేస్తాను. బట్టలంటుకుంటే పరుగెత్తకుండా నేలమీద పడి దొర్లాలి. కాలినచోట మామూలు కుళాయి నీళ్ళు ఇరవై నిమిషాలు పారనివ్వాలి. వెంటనే వీలుకాకపోతే మూడు గంటల్లోపు చేసినా ఉపయోగమే. ఐసు పెడితే రక్తనాళాలు బిగుసుకుపోయి గాయం ఇంకా లోతవుతుంది. ఉంగరాలు, గాజులు, వాచీ వాపు రాకముందే తీసెయ్యాలి. ఒంటికి అతుక్కుపోయిన గుడ్డని మాత్రం పీకకూడదు. బొబ్బలు చిదమకూడదు. ఉతికిన శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, మిగతా ఒళ్ళు వెచ్చగా ఉండేలా దుప్పటి కప్పి, 108కి ఫోన్ చెయ్యాలి. కరెంటు షాకైతే ముందు మెయిన్ ఆపాకే మనిషిని ముట్టుకోవాలి. కరెంటు గాయం పైకి రూపాయి బిళ్ళంతే కనిపిస్తుంది, లోపల కండా గుండే దెబ్బతిని ఉండొచ్చు. మొహం, చేతులు, పాదాలు, కీళ్ళు కాలితే ఎంత చిన్నదైనా డాక్టరుకి చూపించాల్సిందే.

ఆ రాత్రి ఆ అమ్మాయికి ధనుర్వాతం ఇంజక్షనిచ్చి, కట్టుకట్టి, తెల్లారేసరికి పంపించేశారు. నీళ్ళు పొయ్యడంవల్ల లోతుకి పోలేదు, చర్మం అతికించే పని ఉండదనుకుంటాను అంది డాక్టరమ్మ. మొన్న ఫోన్ చేస్తే ఆ అమ్మాయే ఎత్తింది. గాయం ఆరిందట, దురదగా ఉందట, ఎండలోకి వెళ్ళొద్దన్నారట. "ఎండలోకి వెళ్ళకుండా జూనియర్ ఆర్టిస్టు ఎలా బతుకుతుంది సార్?" అని నవ్వింది. మూడు వారాల పని పోయింది. మందుల ఖర్చు కంపెనీ ఇచ్చింది, పోయిన రోజుల కూలి ఇంకా ఇవ్వలేదు. మానేజరుగారికి నేనూ రెండుసార్లు ఫోన్ చేశాను. వచ్చే శుక్రవారం రమ్మన్నారు. ఆ అమ్మాయితోపాటు నేనూ వెళ్తున్నాను.