లామినేషన్ చేసిన విష్ణుక్రాంత



వినాయక చవితికి ముందు ఏడో తరగతి పిల్లలకు పత్రి మీద ప్రాజెక్ట్ ఇచ్చాను. ఇరవై ఒక్క పత్రుల్లో ఏదో ఒక మొక్కను వర్ణించాలి. విష్ణుక్రాంత ఎంచుకున్న పిల్లల ఫైళ్లలో ఒకటి తప్ప అన్నిటిలోనూ ఒకే బొమ్మ: కలర్ ప్రింటవుట్, పైన లామినేషన్. అది విష్ణుక్రాంత కాదు, శంఖపుష్పం. చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ.

మిగిలిన ఫైలు నోట్‌బుక్‌లోంచి చించిన ఒక్క పేజీ. మొక్క నేల మీద పాకుతోందనీ, ఆకు మీద తెల్లటి నూగు ఉందనీ, పువ్వు చొక్కా గుండీ అంత ఉందనీ, సాయంత్రం వెళ్తే ముడుచుకుపోయిందనీ ఆ అమ్మాయి రాసింది. బోలెడు స్పెల్లింగ్ తప్పులు. నేను ఆ పేజీకి పదికి ఆరు వేసి, లామినేషన్ ఫైళ్లకు తొమ్మిదేసి వేశాను. తప్పు నాదే. మర్నాడు మార్కులు దిద్దాను. ఎందుకు తగ్గాయని కొందరు ఫోన్ చేశారు. ఇదే నా జవాబు.

విష్ణుక్రాంత బహువార్షికం. నేలలోని గట్టి వేరు మొదలు నుంచి సన్నటి కాడలు నాలుగు వైపులా పరుచుకుంటాయి. ఒంటినిండా పట్టులాంటి నూగు. ఆకు పంగలోంచి దారంలాంటి కాడ, దాని చివర సెంటీమీటరుకు మించని నీలి పువ్వు. ఆకర్షణ పత్రాలు అయిదూ కలిసిపోయి చిన్న పళ్లెంలా ఉంటాయి. కేసరాలు అయిదు. కీలాలు రెండు, ఒక్కొక్కటీ మళ్లీ రెండుగా చీలుతుంది. భూతద్దంలో నాలుగు పోగులు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. చిలగడదుంప కుటుంబమే అయినా ఇది దేన్నీ చుట్టుకోదు.

లిన్నేయస్ కూడా 1753లో దీన్ని చుట్టుకునే తీగల ప్రజాతి కన్వాల్వులస్‌లో పెట్టాడు. 1762లో తనే విడదీసి ఎవాల్వులస్ అన్నాడు. చుట్ట విప్పుకున్నది అని ఆ పేరుకు అర్థం. అంతటివాడు రెండోసారి చూసి దిద్దుకున్నాడు. మన పిల్లలకు మొదటిసారి చూసే అవకాశం కూడా మనం ఇవ్వడం లేదు. ప్రాజెక్ట్ ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి ప్రింట్ షాపు దగ్గర నిలబడేది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. (మా ఇంట్లో అయితే నేనే.)

ఈసారి ప్రింటవుట్లు తీసుకోను. తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు చాలు. అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటులోనో, ఊరికి వెళ్లినప్పుడు పొలం గట్టు మీదో మొక్క దొరుకుతుంది. పిల్లలకు బూట్లు వేయించి మీరూ వెంట వెళ్లండి. పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం దాటితే పువ్వు ముడుచుకుంటుంది. మొక్కను పీకించకండి. బొమ్మ వంకరగా వచ్చినా దిద్దకండి.