‘ఇంట్లో చేసిందే కదా’ అంటే సరిపోదు

కిందటి వేసవి సెలవులు అయిపోగానే మా ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. రిటైరై ఐదేళ్లయింది, మధుమేహం వచ్చి ఎనిమిదేళ్లు. మందులు మానరు, పొద్దున్నే నడక తప్పరు. మూడు నెలల కిందట 7.2 ఉన్న హెచ్‌బీఏ1సీ ఈసారి 8.5కు ఎక్కింది. ‘బయటి తిండి ముట్టుకోలేదండీ’ అన్నారు. పక్కనే కూర్చున్న ఆయన భార్య, ‘మనవరాలి కుకీల సంగతి కూడా చెప్పండి’ అన్నారు. సెలవులకొచ్చిన పదకొండేళ్ల పిల్ల రోజు విడిచి రోజు చాక్లెట్ కుకీలు చేసి, పైన క్రీమ్ పూసి, మొదటిది తాతయ్యకే పెట్టేదట. ‘ఇంట్లో చేసిందే కదా డాక్టరు గారూ! పైగా పిల్ల అంత ముచ్చటపడి పెడితే ఎలా కాదంటాం?’ అన్నారాయన.

రెండో మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మొదటి మాట మాత్రం ఈమధ్య చాలామంది నోట వింటున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

కేక్ మిక్స్‌తో కుకీలు చేయడం నిజంగానే సులువు. మైదా, చక్కెర, కోకో, బేకింగ్ పౌడర్ అన్నీ కొలిచి కలిపే ఉంటాయి. నీళ్లు, పాలు పోయకుండా రెండు గుడ్లు, అర కప్పు నూనె వేస్తే గట్టి ముద్ద అవుతుంది. ఉండలు చేసి ఓవెన్‌లో పది పన్నెండు నిమిషాలు ఉంచి, చల్లారాక వెన్న, ఐసింగ్ షుగర్ గిలక్కొట్టి పూస్తే సరి. బేకరీ సరుకు కన్నా తాజాగా ఉంటాయి, శుభ్రంగానూ ఉంటాయి. కాదనను. కానీ శుభ్రత వేరు, చక్కెర వేరు.

డబ్బా వెనక్కి తిప్పి చూడండి. ఏ పదార్థం బరువు ఎక్కువైతే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన. చాలా కేక్ మిక్స్‌లలో మొదటి రెండు పేర్లు చక్కెర, మైదాలే. దాదాపు నలభై శాతం చక్కెర ఉన్న 400 గ్రాముల ప్యాకెట్ తీసుకుందాం. అంటే 160 గ్రాముల చక్కెర. పైపూతకు ఇంకో 200 గ్రాముల ఐసింగ్ షుగర్. మొత్తం 360 గ్రాములు. 24 కుకీలు వస్తే ఒక్కోదానిలో 15 గ్రాములు, అంటే దాదాపు మూడున్నర చెంచాలు. అందులో సగానికి పైగా పైపూతదే. నూనె, వెన్నలను కూడా కలిపితే ఒక్క కుకీకి దాదాపు 170 కేలరీలు. పెద్దవాళ్లు రోజుకు అదనపు చక్కెరను 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాల లోపు ఉంచుకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. రెండు కుకీలతోనే ఆ గీత దాటేస్తాం. కాఫీలో వేసుకునే చక్కెర దీనికి అదనం.

మన పిండివంటల్లో మాత్రం తీపి లేదా అని అడగొచ్చు. ఉంది. బెల్లమైనా రక్తంలో చేరాక చేసే పని అదే. తేడా శ్రమలో ఉంది. అరిసెలంటే బియ్యం నానబెట్టాలి, తడిపిండి కొట్టించాలి, పాకం కుదరాలి, పొయ్యి దగ్గర ఇద్దరు నిలబడాలి. అందుకే సంక్రాంతికి చేసి డబ్బాకెత్తితే మళ్లీ ఏడాదికే. ఎన్నిసార్లు తినాలో ఆ శ్రమే నిర్ణయించేది. అరగంటలో అయిపోయే తీపికి ఆ అడ్డు లేదు. అలాగని ఆడవాళ్లు మళ్లీ రోకలి పట్టాలని నేను అనను. సులువు మంచిదే. శ్రమ వేసిన ఆ హద్దును ఇప్పుడు మనమే వేసుకోవాలి అంటున్నాను.

మరో జాగ్రత్త. పిల్లలు గిన్నెలో మిగిలిన పచ్చి ముద్దను నాకేస్తుంటారు. గుడ్డు వేయకపోయినా అది ప్రమాదమే. మైదా వండిన పదార్థం కాదు, అందులో క్రిములు ఉండొచ్చు. 2021లో అమెరికాలో పచ్చి కేక్ మిక్స్ వల్ల ఈ.కోలై సోకి కొందరు ఆసుపత్రి పాలయ్యారు. రుచి చూడటం ఓవెన్ నుంచి తీశాకే.

మరి మానేయాలా? అక్కర్లేదు. ఫోన్ పక్కన పెట్టి పిల్లలు వంటింట్లో కొలతలు నేర్చుకుంటుంటే ఏ డాక్టరూ వద్దనడు. నేను చెప్పేది ఇంతే. నెలకొకసారి చేయండి, ఏ రోజో ముందే అనుకోండి. క్రీమ్ పూత మానేస్తే చక్కెర సగానికి పైగా తగ్గుతుంది, పైన నాలుగు పల్లీలో బాదం పలుకులో అద్దండి. ఉండ నిమ్మకాయంత కాదు, ఉసిరికాయంత చాలు. సగం ఇరుగుపొరుగుకు పంచండి. డబ్బా లేకుండా పిండి, కోకో విడిగా కొంటే చక్కెర ఎంత వేయాలో మీ చేతిలోనే ఉంటుంది. ‘షుగర్ ఫ్రీ’ అని రాసి ఉన్నా మధుమేహులు ధీమా పడొద్దు. అందులోని మైదా కూడా గ్లూకోజును పెంచుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు పెట్టొద్దు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 ఆహార సూత్రాల్లో చివరిది లేబుల్ చదవమనే. ఆ చదివే పని పిల్లలకే అప్పజెప్పండి. ఎన్ని చెంచాలో వాళ్లనే లెక్క కట్టమనండి.

ఆ పెద్దాయనకూ చివరికి అదే చెప్పాను. ‘మీరు కాదనకండి. మీ రిపోర్టు ఆ పిల్లకు చూపించండి. తాతయ్యకు ఏది పెట్టాలో తననే ఆలోచించమనండి.’ అంత ప్రేమగా మొదటి కుకీ తెచ్చిచ్చే పిల్లకు ఈ మాట అర్థం కాకపోదు. అర్థం కానిదల్లా మన పెద్దవాళ్లకే. ఇంట్లో చేసిందన్న ఒక్క మాటతో లెక్క చూసుకోవడం మానేస్తున్నాం.