మందు రోగికి, విషం మనోళ్ళకా?

ఆపరేషన్ థియేటర్లో కత్తి పట్టేది డాక్టరు. నెత్తురు గుడ్డలు ఎత్తేదెవరు? నేల తుడిచేదెవరు? చాలాచోట్ల మన వాడల నుంచి కంట్రాక్టు మీద పోయిన అక్కలూ తమ్ముళ్ళే.

ఆ థియేటర్లోకి ఇప్పుడు క్యాన్సర్ మందులు వచ్చాయి. కడుపులో గడ్డలు కోసి తీసినాక సిస్‌ప్లాటిన్, మైటోమైసిన్ లాంటి మందును 41 నుంచి 43 డిగ్రీల వేడిలో గంటా గంటన్నర సేపు పొట్టలో తిప్పుతారు. దీన్ని హైపెక్ అంటారు. ఈ వైద్యం వద్దని మేం అనడం లేదు. క్యాన్సర్ మనోళ్ళకూ వస్తుంది, వైద్యం మనకూ కావాల. మా పేచీ వేరే.

ఈ మందులు జబ్బు కణమా, మంచి కణమా అని చూడవు. చర్మం గుండా పోతాయి, తుంపరగా ముక్కులోకి పోతాయి. రోగి ఒంట్లోంచి సుమారు 48 గంటల దాకా మూత్రంలో, మలంలో, వాంతిలో బయటికొస్తాయి. వీటిల్లో ఒకటైన సైక్లోఫాస్ఫమైడ్ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే తేల్చింది. ఈ మందులు ముట్టిన నర్సుల్లో గర్భస్రావాలు ఎక్కువని ఫిన్లండ్ పరిశోధన 1985లోనే చెప్పింది. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 2004లో ఆస్పత్రులన్నిటినీ హెచ్చరించింది.

మరి మన ఆయాకు ఎవరు చెప్పారు? డాక్టరు పుస్తకంలో చదువుకున్నాడు. సీసా మీద హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది. ఒలికిన మందును మామూలు నీళ్ళనుకొని తుడిచే మనిషికి ఒక పల్చటి గ్లౌజు, ఒక మామూలు మాస్కు. ఆ మాస్కు ఆవిరినీ ఆపదు, సన్నటి తుంపరనూ ఆపదు. ఒకనాడు మనకు అక్షరం దాచారు. ఈనాడు సీసా మీది అక్షరం దాస్తున్నారు. చీపురు పోయి మాపు వచ్చింది గానీ, పట్టే చెయ్యి మారలేదు.

చట్టం లేదా? ఉంది. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈ మందు అంటిన ప్రతి వస్తువూ పసుపు సంచిలో వెయ్యాల, 1200 డిగ్రీలకు పైన కాల్చాల. ఆ చెత్త ముట్టే ప్రతి ఒక్కరికీ రక్షణ సామాను ఇవ్వాల, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాల. 'ప్రతి ఒక్కరూ' అంటే కంట్రాక్టు మనిషి కూడా. "మా స్టాఫు కాదు" అని ఆస్పత్రి, "మాకు తెలీదు" అని కంట్రాక్టరు తప్పించుకుంటే కుదరదు.

అందుకే అడుగుతున్నాం:

ఈ మందులు వాడే ప్రతి గదిముందూ తెలుగులో బోర్డు పెట్టాల. తుడిచేవాళ్ళకూ, గుడ్డలుతికేవాళ్ళకూ జీతంతో శిక్షణ ఇవ్వాల.

రెండు జతల గ్లౌజులు, తడి దిగని గౌను, కళ్ళద్దాలు, తుంపరను ఆపే మాస్కు, మందు ఒలికితే తీసే సామాను సిద్ధంగా ఉండాల.

గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ కూలి కొయ్యకుండా వేరే పని ఇవ్వాల.

ఆరోగ్య పరీక్ష కాగితం కార్మికుల చేతికే ఇవ్వాల.

కార్యకర్తలారా! మీ వాడలో ఆస్పత్రి పనికి పోయేవాళ్ళెవరో కనుక్కోండి. ఏ గదిలో పనో, ఒంటికి ఏం తొడుగుతున్నారో అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకొని పదిమందీ కలిసి సూపరింటెండెంటు ముందు నిలబడండి. దయ అడగడానికి కాదు, లెక్క అడగడానికి.

జై భీమ్!